గ్రేస్ పీరియడ్

వడగళ్లు పడి మూడు రోజులు.
సలైనా ఊరి ఇంటికప్పులన్నీ
మశూచి పోసిన మొహాల్లా ఉన్నాయి.
ఫోను ఎత్తినా మోగుతోంది, ఎత్తకపోయినా మోగుతోంది.
సరిగ్గా అప్పుడొచ్చావు నువ్వు
ఆ పూట నూట పద్నాలుగో ఈమెయిల్‌గా,
వెండెల్ క్రౌస్ పేరు తొడుక్కుని.

"వ్యాక్యూలా, ఇన్వాయిస్ పంపుతున్నా. గడువు దాటింది."

నా పేరు వకుళ.
పన్నెండేళ్లుగా దాన్ని అలా విరిచి రాసేవాడు
కాన్సస్ మొత్తానికి వెండెల్ ఒక్కడే.
ఆ తప్పు చూసే నమ్మాను.
సరిగ్గా రాసుంటే అనుమానించేదాన్ని.

పద్దెనిమిది వందల నలభై డాలర్లు.
నిరుడు మా ఆఫీసు కప్పుకి పెంకులేసిన బాకీ అట.
కట్టలేదా? కట్టాననే గుర్తు.
కానీ బకాయి అన్న మాట వింటే
నాకు ఇప్పటికీ మెడ వంగిపోతుంది.
చిల్లర కొట్టు ముందునుంచి నడవకుండా
వెనకసందు చుట్టి బడికెళ్లిన పిల్లని నేను.

నొక్కాను.
పాస్‌వర్డ్ అడిగావు, ఇచ్చాను.
తెల్లటి పేజీ.
మళ్లీ అడిగావు, మళ్లీ ఇచ్చాను.

నిప్పుకీ సుడిగాలికీ
పక్కింటి కుక్క కాటుకీ ధరకట్టి అమ్మేదాన్ని.
చిన్న అక్షరాలు చదవండి చదవండని
గోధుమ రైతుల చేతికి
నా కళ్లద్దాలే తీసిచ్చేదాన్ని.

తెల్లారేసరికి నా పేరుతో అరవై మూడు ఇన్వాయిస్‌లు
ఊరంతా తిరిగాయి.
ఒక్కొక్కరికీ ఫోను చేశాను, తెరవకండి, తెరవకండి.
మిసెస్ హాప్‌గుడ్ అప్పటికే కట్టేసింది.
"నువ్వడిగావు కదమ్మా" అంది.
అంతకంటే ఏమీ అనలేదు.

ఆ కోపమంతా మూటగట్టుకుని
యూమా వెళ్లి స్థిరపడిన వెండెల్‌కి చేశాను.
లొరేటా ఎత్తింది.
"ఆయన పోయాడు. మార్చి పదకొండున.
నిచ్చెన మీంచి కాదు.
కుర్చీలో కూర్చుని, బూటు లేసు కట్టుకుంటూ."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
పోయినవాడి డబ్బాలో కాపురం పెట్టిన దొంగని
ఎవరు పట్టాలి?
ఆ మెయిలు మూయడం ఆమెకి తెలీదు.
ఆ పాస్‌వర్డు, చచ్చిపోయిన వాళ్ల కుక్క పేరు.

అప్పుడు నా రిజిస్టరు తెరిచాను.
వెండెల్ క్రౌస్, జీవిత బీమా, యాభై వేలు.
ఫిబ్రవరి ఇరవై ప్రీమియం రాలేదు.
మూడు రిమైండర్లు పంపాను.
పక్కనే కంప్యూటరు వేసిన గుర్తులు:
తెరిచారు. తెరిచారు. తెరిచారు.
చదివి కూడా పలకడేమని
అలిగాను కూడా ఆ మనిషి మీద.

చదివింది నువ్వా?
ఈ ఊళ్లో నా ఉత్తరాలు చివరిదాకా చదివే పాఠకుడివి
నువ్వొక్కడివేనా?

ల్యాప్స్ అని ఎర్రక్షరాలు.
నమ్మలేదు. ఆ రోజుకి తెరమీది దేన్నీ నమ్మడం మానేశాను.
చేతి కణుపుల మీద లెక్కపెట్టాను.
ఫిబ్రవరిలో ఎనిమిది, మార్చిలో పదకొండు.
పందొమ్మిది.
గ్రేస్ పీరియడ్ ముప్పై ఒకటి.

లెక్క ఇంకోసారి చేశాను.
వెండెల్ గడువులోపలే పోయాడు.

లొరేటాకి మళ్లీ చేశాను.
"మీకు డబ్బు రావాలి, యాభై వేలు,
ఒక ఫారం నింపి పంపితే చాలు" అన్నాను.
అంటూండగానే నా గొంతు నాకే
నీ గొంతులా వినిపించింది.

ఆమె ఫోను పెట్టేసింది.

మళ్లీ చేశాను.
"ఇలాంటివి రోజుకి నాలుగొస్తున్నాయి" అంది.
"పోయినవాళ్ల ఇళ్లు ఎలా పసిగడతారో మీరు.
ఎవరు నువ్వు? అసలు పేరు చెప్పు."

పాలసీ నంబరు చెబుదామనుకున్నాను.
లైసెన్సు నంబరు చెబుదామనుకున్నాను.
అవన్నీ నీ దగ్గరా ఉన్నాయి.

కిటికీలోంచి చూస్తే
వెండెల్ వేసిన పెంకుల మీద వడగళ్ల గుంటలు.
ఒక్క పెంకూ లేచిపోలేదు.

"వ్యాక్యూలాని" అన్నాను.

అవతల చాలాసేపు
ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.