ఒక బంతి తక్కువ

రేపు ఆడిట్.
బల్ల మీద మూడు రిజిస్టర్లు:
పేర్లది, డబ్బులది, మార్కులది.
ముప్ఫై ఏళ్ల గుమాస్తాగిరీలో
బేస్‌బాల్ నేను ఆడలేదు, సరిగ్గా చూడనూ లేదు.
వోచర్లలోంచి ఎంత కనబడితే అంతే.

సూరాడ ఎల్లాజీ, పిచ్చర్, బీకాం రెండో ఏడు.
తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు మోసి
ఆ తిమ్మిరి చేత్తోనే బంతి విసురుతాడు.
హాజరు యాభై ఎనిమిది శాతం.
మొదటి పీరియడ్ ఎలా ఉంటుందో వాడికి తెలీదు.

పాంగి బొంజుబాబు, అరకు పైనుంచి.
బంతి ఎంత ఎత్తు లేచినా పరిగెత్తడు,
ముందే అక్కడ ఉంటాడు.
మెస్ బిల్లు మూణ్ణెల్లు బాకీ.

డిల్లేశ్వరరావు ఆడడు, స్కోరు రాస్తాడు.
ఎవడి సగటు ఎంతో
మూడు దశాంశాల దాకా నోటికి చెబుతాడు.
స్టాటిస్టిక్స్‌లో ముప్ఫై మూడు. పాసుకి నలభై.
ఇది మూడోసారి.

పద్దెనిమిది పేర్లుండాలని రూలు.
ఆడేది పదమూడు మంది.
మిగతా ఐదుగురూ కాగితం మీదే వేడెక్కుతారు.

గ్రాంటు పదకొండు వేలు.
గ్లవ్స్ ఎనిమిదే. తొమ్మిదోవాడు
అవతలి జట్టు వదిలిపోయింది తొడుక్కుంటాడు.
క్యాచర్ ముసుగుకి కంచరపాలెంలో వెల్డింగు, నూట ఇరవై.
బంతులకి కుట్లు, అరవై.
అనకాపల్లి టోర్నీకి బస్సు, పెరుగన్నం పొట్లాలు.
అరటిపళ్లు రెండు డజన్లు, వోచరు లేదు.

బంతులు ఇరవై నాలుగుండాలి.
రెండుసార్లు లెక్కపెట్టాను, ఇరవై మూడు.

పీడీ సన్నిబాబుని పిలిచి అడిగాను.
"బొంజుబాబు కొట్టాడండి. గోడ దాటిపోనాది.
పట్టాల మీద కిరండోల్ గూడ్సు.
ఎర్రమట్టి వేగన్లో పడ్డాది."
ఆపలేకపోయారా అన్నాను.
బుర్ర గోక్కున్నాడు.

ఆ మట్టి పోర్టుకి పోతుంది,
పోర్టులో ఓడెక్కుతుంది.
ఓడ జపానుకైతే
అక్కడ ఊరూరా ఈ ఆటేనట,
డిల్లేశ్వరరావు చెప్పాడు.
స్కోరు బుక్కులో ఆ దెబ్బ పక్కన
చీమ తలకాయంత అక్షరాలతో రాసుకున్నాడు:
'ఇంకా వెళ్తోంది.'

నా రిజిస్టర్లో ఉన్నవి రెండే గళ్లు,
అరిగినవి, పోయినవి.
అరగలేదు, ఆ పొద్దున్నే కవరు చింపిన బంతి.
పోయింది అని రాద్దామంటే
ఎటు పోయిందో మా అందరికీ తెలుసు.

నూట తొంభై నా జేబులోంచి తీసి
రసీదు కోశాను.
'ఎవరి నుంచి' అన్నచోట పెన్ను కాసేపు ఆగింది.

అంతలో కిటికీ అద్దాలు అదిరాయి. గూడ్సు.
ఊరికే వేగన్లు లెక్కపెడుతూ కూర్చుని
నలభై దాటాక ఎక్కడో
తప్పాను.