కణుపుకీ కణుపుకీ నడుమ

కాశీనగరంలో బస్సు దిగి
రైస్‌మిల్లు వెనక సందులోకి తిరిగితే
పసుపు ఉడికే వాసన వస్తుంది.
పెళ్లి కాదు. గడ్డి.

రెండు డేగిసాల్లో ఉప్పు, పసుపు, వంశధార నీళ్లు,
అందులో వెయ్యిన్నొక్క కిక్కస పుల్ల.
లెక్క నాదే.
ఒక్కటి ఎక్కువ వేస్తాను,
విరిగేదాని కోసం.

తెల్లారకముందే ఏటికి పోతారు
దాలమ్మ, మినతి, సవర గూడెం నుంచి సొంబారి.
పువ్వు తెల్లబడకముందే కొయ్యాలి,
తెల్లబడ్డ గడ్డి మాట వినదు, నిలువునా చీలుతుంది.
చేతులకి పాత మేజోళ్లు తొడుక్కుంటారు.
అయినా ఆకు అంచు ఏదో ఒక వేలి మీద
గీత గీసే పంపుతుంది.
కూలి పట్టీలో ఆ వేలే ముద్ర వేస్తుంది.

ఆకు దూసి,
కణుపుకీ కణుపుకీ నడుమ కోసి,
లోపలి పల్చటి పొరని సైకిలు పుల్లతో నెట్టి,
డేగిసాలో వేసేముందు
ఒక్కొక్కటీ పెదాలకి ఆనించి ఊదుతారు.
బోలుగా పలికితే ఇటు, మూగదైతే అటు.
మధ్యాహ్నం కళ్లు మూసుకుంటే
రేకుల షెడ్డు నిండా పిట్టలు వాలినట్టుంటుంది.
ఏ పిట్టా రెండోసారి కూయదు.

భువనేశ్వర్ నుంచి ప్రసన్నబాబు వస్తాడు.
జేబులోంచి ఇత్తడి పలక తీస్తాడు,
దానికి రెండు కన్నాలు.
పెద్ద కన్నంలో దూరనిదీ
చిన్న కన్నంలోంచి జారిపోయేదీ
తట్టలోకి.
"గడ్డికి కొలత మేం పెట్నేదు బాబూ,
ఏటినే అడగండి" అంది దాలమ్మ.
మినతి దాన్ని ఒరియాలోకి మారుస్తూ
ఏటిని మింగేసి
"సరేనంటోంది" అని చెప్పింది.

పుల్లకి నలభై పైసలు.
పూరీ ఒడ్డున ఎవరో బొండాంలో గుచ్చి
అయిదు నిమిషాలు పీల్చి
ఇసకలో పడేస్తారట.
"అయిదా?"
సొంబారి తన పనంతా వేళ్ల మీద లెక్కేసుకుంది,
వేళ్లు చాలక ఊరుకుంది.
కాసేపటికి
"పోన్లే, కుళ్లిపోద్ది కదా,
ఆవు కడుపులో కూకోదు" అంది.
కిందటేడు వాళ్ల చూడావు చచ్చిపోతే
పొట్టలో దొరికినవి
నీలం సంచులు, చారల గొట్టాలు,
పుట్టాల్సిన దూడ.
ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

శ్రావణంలో మూడు వేల రెండొందలు తిరిగొచ్చాయి.
బూజు.
ఎర్రసిరాతో రాసి పుస్తకం మూశాను.
ఆ సాయంత్రం పొయ్యికి తట్టెడు పుల్లలు మోస్తుంటే
దాలమ్మ ఆపి,
కొలతకి అందని లావువి నాలుగు ఏరి
కొంగున ముడేసుకుంది.
ఎందుకని నేనడగలేదు.
రెండో రోజూ ఏరింది. మూడో రోజూ.

వెళ్లి చూశాను.
ఆమె మొగుడు బయ్యన్న
జీలుగు చెట్టు మీంచి జారి
దవడ పగిలి మంచాన ఉన్నాడు.
శ్రీకాకుళంలో వాళ్ల కార్డు చెల్లదన్నారట,
పర్లాకిమిడిలో పళ్లకి తీగ కట్టి పంపారు.
నెలన్నర నోరు తెరవకూడదు.
ఊళ్లో ఎవరి ఇంటి సంగతైనా
చెట్టు మీంచే కేకేసి చెప్పేవాడు.

పంటి సందులోంచి
గంజి పోవాలంటే
సన్నపు పుల్ల చాలదు.
పలకలో దూరని పుల్లే కావాలి.

ఇప్పుడు వెయ్యిన్ని రెండు వేస్తున్నాను.
ఆ రెండోది ఏటి ఒడ్డునే ఏరి పెడుతుంది మినతి,
మొదలు దగ్గరది, బొటనవేలంత కాకపోయినా
చిటికెనవేలికి పైమాటే.
పుస్తకంలో 'విరిగినవి' కింద
రోజూ ఒకటి రాస్తాను.
ప్రసన్నబాబు చూశాడు,
"ఇక్కడ రోజూ ఒకటే విరుగుతుందే!" అన్నాడు.
గడ్డి కదా బాబూ, అన్నాను.

నిన్న నేనున్నప్పుడే
దాలమ్మ గిన్నె తెచ్చి పుల్ల అందించింది.
బయ్యన్న తాగలేదు.
ముందు పెదాలకి ఆనించుకుని
బిగిసిన పళ్ల సందులోంచి
చిన్నగా ఊదాడు.
పలికింది.
దాలమ్మ చెవి ఒగ్గి విని,
షెడ్డులో కూర్చున్నంత గంభీరంగా
"పాసు" అంది.