ఆఖరి ట్రిప్పు తర్వాత

డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతది.
మౌలాలి గుట్ట మీద దర్గా లైటు ఒక్కటి,
మా గల్లీల రెండు కుక్కలు,
ఇగ అందరూ పండుకున్నరు.
వంటింట్ల అన్నం మీద మూత ఉంటది.
ఉండనీ.
చెప్పులు కిందనే విడిచి మూడంతస్తులు ఎక్కుత.
సోరపువ్వు తెల్లారెదాక ఆగదు.

పొద్దంతా ముడుచుకొని
లైట్లు వేసే యాళ్లకు విప్పుకుంటది సోర,
తెల్లగ, పలుచగ, ఉతికి ఇస్త్రీ మరిచిన చేతిరుమాలు తీరు.
కూరగాయల్ల నైట్ డ్యూటీ దీనిదే.
ఇంత ఎత్తుకు తేనెటీగ రాదు,
వచ్చినా ఈ యాళ్ల రాదు.
అందుకే పెండ్లిపెద్దను నేనే.

కింద గోటంత పిందె ఉంటే ఆడది,
సన్నటి కాడ మీద నిటారుగ నిలబడితే మగది.
మొదట్ల నాకు ఇది కూడ తెల్వదు;
ఒక నెలంతా ఉత్త మగపువ్వులే చూసి మురిసిన.
ఫోను పండ్ల నడుమ కరిచి పట్టుకొని
మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మలిచి
ఆడదాని నడిమిట్ల మెల్లగ అద్దుత.
పగటి నుంచి మిషిను మీద
జీరో టికెట్లు కొట్టీ కొట్టీ మొద్దుబారిన వేలు ఇది.
దీనికి ఇప్పుడు పుప్పొడి అంటింది.
కడుక్కోబుద్ధి కాదు.

శ్రావణం గట్టిగనే కురిసింది ఈసారి.
పెయింటు డబ్బాల్ల పుంటికూర ఎర్రకాడ వేసింది.
కాలిపోయిన కూలర్ తొట్టిల బెండ,
పసుపు పువ్వు, గొంతుల మాత్రం పాన్ నమిలినట్టు ఎరుపు.
బీరతీగ డిష్ యాంటెన్నాను పట్టుకొని
ఎవరి సీరియల్ చూస్తుందో ఏమో.
చంద్రకాంతలు నేను నాటలే, అవే మొలిచినయి.
పుదీన ఖుర్షీద్ ఆపా ఇచ్చింది, పిట్టగోడ మీదికెళ్లి,
వేర్లు లేని నాలుగు రెబ్బలు:
"గుచ్చి వదిలెయ్ బాలామణీ,
దీనికి సిగ్గు లేదు, యాడైనా బతుకుతది."
నిజమే. పగిలిన హెల్మెట్ల బతుకుతుంది.

మూలకున్న బంతి మొక్కల సంగతి వేరే.
పోయిన దసరాకు మా బండి మెడల వేసిన దండ అది.
పెంటయ్యన్న టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిండు,
నేను కొబ్బరికాయ కొట్టిన.
ఎండినంక పారేయబుద్ధి కాక
క్యాష్ బ్యాగుల వేసుకొని ఇంటికి తెచ్చిన.
మాఘంల బండిని తుక్కుకు పంపిండ్రు.
పదమూడు లక్షల కిలోమీటర్లు తిరిగిందట;
నేను ఎక్కిన మొదటి దినం నుంచే
దాని ఎడమ కిటికీ మూయరాకపోయేది.
దాని బంతి మాత్రం ఇక్కడ మోకాలెత్తుంది,
పదహారు మొక్కలు, మొగ్గలు ఇంకా పిడికిలి విప్పలే.
ఇప్పుడిచ్చిన కొత్త బండి కరెంటుది, చప్పుడే చెయ్యదు,
దగ్గరికొచ్చిందాక జనానికి తెల్వదు.
పండుగకు దీనికి కూడ దండ కావాలె.
ఈ పూలే వేస్తనో, వేయనో.
ఇంకా మనసు కుదరలే.

సోర సంగతి చెప్తున్న గద.
మూడు అద్దితే ఒకటి నిలుస్తది.
తక్కిన రెండు పసుపెక్కి, మెత్తబడి
నాలుగో దినానికి రాలుతయి. తప్పు ఎవరిదీ కాదు.
నిలిచినదాన్ని చూసుడు కాదు, తాకాలె:
నూగు గరుకుగ తగిలి, మెడ కిందికి వంగితే
అది బస్సు ఎక్కినట్టు.

మొన్న అట్ల ఎక్కింది ఒకటి,
ఎక్కి, పిట్టగోడ దాటి, ఆపా దిక్కు దిగింది.
ఆమె దానికి పాత చున్నీతోటి ఉయ్యాల కట్టింది.
పొద్దుగాల చూసిన,
ఆకుపచ్చ చున్నీల ఆకుపచ్చ కాయ.
కోసేది ఎవరో
మేమిద్దరం ఇంకా మాట్లాడుకోలే.

అన్నం చల్లారి ఉంటది.
ఇంకొక్క పువ్వు ఉంది, ఆ చివరకు,
చెయ్యి అందుతలే.
స్టూలు తెస్త.