ఈదమ్మ కాంటా

ఆమె చేసంచిల ఏముంటదో మాకందరికి ఎరుకే:
పొగాకు కాడ, సంఘం రశీదు బుక్కు,
మూత లేని పెన్ను,
పాత చీరె పేలికల చుట్టిన కొక్కెం కాంటా.
చండూరు అంగట్ల మూడు వారాలు బేరమాడి కొన్నది.

దినమంత పత్తి ఏరి, పొద్దూకి
ఆసామి కాంటా ముందు వరుసకు నిలబడితె
తేమ కింద ఒక కిలో, సంచి కింద ఒక కిలో,
"ముల్లన్నంక ఊగదా" అని ఇంకొంచెం.
ముల్లు ఎప్పుడు ఊగినా ఆయన దిక్కే ఊగేది.

ఈదమ్మ నోరు లేపలే.
గట్టు మీది తుమ్మకొమ్మకు తన కాంటా తగిలిచ్చి
అదే సంచి మళ్ల జోకింది.
మూడు కిలోలు తేడా.
ఎవరం ఏమనలే.
గాలికి సంచి చిన్నగ తిరిగింది.

తెల్లారినుంచి చేన్లకు పోవద్దన్నది.
నిజం చెప్పాలె, ఆ ఐదు దినాలు
నేనామెను తిట్టినట్టు ఎవర్నీ తిట్టలే.
పిల్లలకు గంజి పోసుకుంట తిట్టిన,
నూనె బుడ్డి బోర్లేసి చుక్క కోసం సూసుకుంట తిట్టిన.
నాలుగో రాత్రి నా గడపల కూసోని
కొంగుల మూట విప్పి దోసెడు జొన్నలు పోసి
"తిట్టు, గని పోకు" అన్నది.

ఆరోనాడు కాంటా మారింది. కిలోకు రూపాయి పెరిగింది.
ఆసామి మమ్ముల జూసి దిగలే, మబ్బును జూసి దిగిండు.
విచ్చిన పత్తి మీద వాన పడితె రంగు బోతది, ధర బోతది.
ఆ మబ్బు ఏనాడొస్తదో
ఈదమ్మ ముందే లెక్కగట్టి కూసున్నది.

మునుగోడు నుంచి మర్రిగూడ దాకా
నడిచి నడిచి, మా బోరునీళ్లే తాగి తాగి
మోకాళ్లు వంకర బోయినయి.
బస్సు మెట్టెక్కాలంటె ఇద్దరం లేపాలె.
ఎక్కినంక కండక్టరుకు గూడ
సంఘం రశీదు రాయబోయేది.

మొన్న నల్లగొండ పెద్దాస్పత్రిల
మెషిను మీద నిలబెట్టిన్రు.
"ముప్పై ఎనిమిది" అన్నది నర్సు.
ఈదమ్మ నా చెయ్యి పట్టుకోని వంగి
శానసేపు సూసింది.
"బిడ్డా, మీ కాంటా సరిగనే ఉన్నదా?"

నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలే.
చేసంచి నా భుజానికున్నది,
కొక్కెం పక్కబొక్కకు గుచ్చుకుంటున్నది.

రేపు గట్టుప్పల చేన్ల జోకుడున్నది,
నేను పోయొస్తనన్న.
గోడ దిక్కు తిరిగి పండుకోని
"పెన్ను పైలం, సిరా కారుతది" అన్నది.