మూడో వారం, రెండో లెక్క

సువాలో పొద్దుటి నుంచీ వాన.
మూడో అంతస్తులో నేనూ, మెరెసెయినీ,
చల్లారిన టీ, సగం విప్పిన గణితం కోర్సు.

"రెండు రైళ్లు ఎదురెదురుగా బయలుదేరాయి."
ఏళ్ల తరబడి బయలుదేరుతూనే ఉన్నాయి,
మా మేష్టారి నోట్సులోంచి నా నోట్సులోకి,
అక్కణ్ణించి తెర మీదికి.
ఎర్రజెండా ఊపినవాళ్లు లేరు.

కిరిబాటి నుంచి కౌరే రాశాడు:
"మేడమ్, రైలుని నేను చూళ్లేదు.
ఎదురొస్తే ఒకటి పక్కకి తప్పుకోదా?
మా దీవికి ఈ పక్కా సముద్రం, ఆ పక్కా సముద్రమే.
అందుకని పడవలతో చేశాను.
పోటు ఒకదాన్ని తోస్తుంది, ఒకదాన్ని ఆపుతుంది కదా,
జవాబు మీదానితో కలవలేదు."

యంత్రం సున్నా వేసింది.
కాగితం తీసుకుని నేను మళ్లీ కట్టాను.
నాకు గంట పట్టింది.
అతని లెక్క నాదానికంటే కష్టం, తప్పు మాత్రం లేదు.

ఆ రాత్రి కోర్సంతా గుమ్మం బయట నిలబడి చూశాను.
టన్నాలో లెయివియా సిగ్నల్ కోసం గుట్టెక్కుతుంది,
ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని.
నా వీడియో నలభై నిమిషాలు.
అందులో ఆరు నన్ను నేను పొగుడుకోవడానికే.
కోసేశాను. నొప్పి పుట్టలేదని అనను.
మాటలు వినపడని పిల్లాడికి
తెర కింద "సగటు" కాస్తా "సంకటం" అయి పరిగెడుతోంది.
మెరెసెయినీ నవ్వింది,
తర్వాత నవ్వు ఆపి, తెల్లారేదాకా దిద్దుతూ కూచుంది.

రైళ్లు తీసేసి పడవలు పెట్టాం.
మాకు మేమే భుజాలు తట్టుకున్నాం.

వారం తిరక్కుండా లౌటోకా నుంచి రవ్‌నీల్:
"మా తాత చెరకు రైలు నడిపాడు.
ఇన్ని చదువుల్లో ఆయన కనబడిన లెక్క అదొక్కటే.
ఎందుకు తీసేశారు?"

ఏం చెప్పను?
వాన ఆగింది, చూరు నీళ్లు ఆగలేదు.

ఇప్పుడక్కడ ఒక ఖాళీ గీత ఉంది.
"______ రెండు ఎదురెదురుగా బయలుదేరాయి.
మీ చోట ఏవి ఎదురవుతాయో రాసి, లెక్క కట్టండి."

మొదటి జవాబు టోంగా ఆసుపత్రి నుంచి,
తెల్లవారుజాము మూడింటికి, రెండు రౌండ్ల మధ్య,
లుసేని పంపింది:
"ఇద్దరు నర్సులు. ఒకటే వరండా.
ఒకామె డ్యూటీ దిగుతోంది, ఒకామె ఎక్కుతోంది.
వేగాలు సమానం కావు.
కలిసేది దిగేవైపుకి దగ్గర."

దీనికి ఎన్ని మార్కులెయ్యాలో
యంత్రానికి ఇంకా చెప్పలేదు నేను.