వేయిళ్ళు

చిన్నప్పుడు ఆ మాట మొదటిసారి విని
వేవిళ్ళంటే వేయి ఇళ్ళనుకున్నాను.
మరీ తప్పు కాదని ఇప్పుడు తెలుస్తోంది.
కోటవీధిలో తెల్లారిందంటే
వేయి ఇళ్ళ పోపులూ నా ఒక్క ముక్కులోకే.
పక్కవాటాలో వెల్లుల్లి,
కింద నూకరత్నమ్మ ఆరేసిన ఎండు నెత్తళ్ళు,
ఆపైన హార్బర్ హార్బరంతా.

ఆరున్నరకి లోహిత్ లేస్తాడు, ఆకలితోనే.
అన్నం పొంగే ముందు ఒక క్షణం ఉంటుంది,
మూత కింద ఆవిరి దారి తడుముకునే క్షణం.
సరిగ్గా అప్పుడు స్టవ్ కట్టేసి
బాత్రూంకి పరిగెత్తడం నేర్చుకున్నాను.
కక్కడానికి ఏమీ లేకపోయినా కక్కుతాను,
పచ్చగా, చేదుగా,
రాత్రి తాగిన రెండు చెంచాల నీళ్ళకి
లెక్క అప్పజెప్పినట్టు.

తిరిగొచ్చి ముద్ద కలుపుతాను
ఊపిరి బిగబట్టి.
ఒక ఊపిరికి మూడు ముద్దలు.
నాలుగోదానికి ఆశపడ్డానా, ఓడిపోతాను.
కిటికీలో కూచోబెట్టి ఓడలు చూపిస్తాను:
ఇది బొగ్గు ఓడకి,
ఇది నూనె ఓడకి,
ఇదేమో, అదిగో, బెర్తు దొరక్క
వారం నుంచీ లంగరేసుకున్న ఆ ఎర్ర ఓడకి.
"దానికి ఆకలెయ్యదా అమ్మా?" అంటుంది జోషిక.
"ఏమోనే, లోపల ఎవరున్నారో"
అంటూనే లేచి పరిగెడతాను.

వేవిళ్ళే కదా అంటారందరూ.
"నాను ఆరుగుర్ని కన్నాను,
బొగ్గు తట్ట మోస్తానే కన్నాను,
నీకేటొచ్చిందే" అంటుంది ఫోన్లో మా అత్త.
ఘోషాసుపత్రిలో నర్సమ్మ మాత్రం
తొమ్మిది కిలోలు తగ్గానని చూసి ఏమీ అనలేదు.
సూది గుచ్చాక నా చెయ్యి
కాసేపు తన చేతిలోనే ఉంచుకుంది.
రెండు సీసాల ఉప్పునీళ్ళు.
ఇంత సముద్రం పక్కన పెట్టుకుని
చుక్క చుక్కగా ఎక్కించుకోవాల్సి వచ్చిందని
నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ వాంతి.

పైడిరాజు బోటింజన్ల డీజిలు వాసన
వీధి కుళాయి దగ్గరే వదిలించుకుని పైకొస్తాడు.
ఒకరోజు తనే వండాడు. పప్పు మాడింది.
ఆ రాత్రి ముగ్గురూ మెట్ల మీద కూచుని
అరటిపండూ మరమరాలూ తిన్నారు.
తలుపు వెనక ఆ కరకరలు వింటూ
నాకే కడుపు నిండినట్టు పడుకున్నాను.

ఇంట్లోంచి వాసనల్ని ఒక్కొక్కటే గెంటేశాను.
కొబ్బరినూనె. సాంబ్రాణి. తల్లో మల్లెలు.
పౌడరు డబ్బా పక్కింటికిచ్చేశాను.
వట్టి నీళ్ళ స్నానం, వట్టి నీళ్ళ ఉతుకు.
కొత్తగా సున్నం వేసి
ఎవరూ దిగని గదిలా అయ్యాను.

నిన్న రాత్రి లోహిత్ నా మెడలో ముఖం పెట్టి
వెతికాడు. ఇటు వెతికాడు, అటు వెతికాడు.
"అమ్మ కావాలి" అన్నాడు.
"ఉన్నాను కదరా."
"ఈ అమ్మ కాదు."
ఏడుస్తూ పోయి, బీరువా అడుగునున్న
నా పాత నేత చీర లాక్కొచ్చుకుని
అందులో దూరి నిద్రపోయాడు.
నేను దూరంగా, గోడవారగా,
నన్ను పట్టుకుని పడుకున్నవాణ్ణి
చూస్తూ ఉండిపోయాను.

పొద్దున్న లేవలేకపోయాను.
కళ్ళు తెరిచేసరికి జోషిక కంచం పట్టుకుంది,
చల్లారిన అన్నం, పంచదార.
అయిదేళ్ళ పిల్ల,
బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి,
తమ్ముడి నోట్లో మూడు ముద్దలు పెట్టింది.
తర్వాత కంచం కింద పెట్టి
బాత్రూం దాకా పరిగెత్తి
ఊరికే ఒకసారి ఉమ్మి వచ్చి
నాలుగోది కలిపింది.
అన్నం పెట్టడమంటే అలాగేననుకుంటోంది పిచ్చిది.

ఎర్ర ఓడ ఇంకా అక్కడే ఉంది.
ఆ పంచదార అన్నం చూస్తుంటే
నాకు ఆకలేసింది, ఒక్క క్షణం.
ఎవరికైనా చెప్పేలోపే పోయింది.