దెమైష్

ఆగస్టు చివరి శుక్రవారం జాబితాలో నా పేరు
మూడొందల పదో వరసలో.
బ్రగాన్సాలో పుట్టినదాన్ని, దేశం నడినెత్తిన.
పోస్టింగేమో అరికాలి దగ్గర, సావ్ తెయోతోనియులో.
కారు డిక్కీలో నా సూట్‌కేసు సర్దుతూ టెల్మో అన్నాడు:
"జూన్ ఎంతలో వస్తుందిలే."
మా ఇద్దరికీ లెక్కలు రావు.
అతను రొట్టెలు కాలుస్తాడు, నేను భాష చెప్తాను.

గది దొరకలేదు. గదిలో సగం దొరికింది.
తెర అవతల ఫిజిక్స్ టీచర్ గ్రసిండా, యాభై రెండేళ్ళు,
ఇది ఆమెకి ఇరవై మూడో ఊరట.
రాత్రి నిద్రలో హాజరు పిలుస్తుంది,
ఏ ఊరి పిల్లల పేర్లో.
మెలకువ వస్తే ఒక్కోసారి నేనే
"వచ్చాను టీచర్" అంటాను.

దోనా ఎతెల్వినా కాఫీ హోటల్లో
నాకన్నా ముందే టీవీ లేచి కూర్చుంటుంది.
బడ్జెట్టు, సమ్మె, టీచర్లు చాలని బడులు.
"చూడు, నీ గురించే" అంటుంది పాల నురుగు తుడుస్తూ.
నా గురించి అయితే నా అద్దె ఎందుకు చెప్పరో.

ఊరి చుట్టూ ప్లాస్టిక్ సముద్రం,
దాని వెనకెక్కడో అసలు సముద్రం.
ప్లాస్టిక్ కింద రాస్ప్‌బెర్రీలు.
అవి కోసే చేతులు కన్న పిల్లలు నా ఐదో తరగతిలో:
బిశేష్, హర్లీన్, యోవానా.
ముందు బెంచీలో జాలరి మనవడు గాస్పర్, ఈ ఊరివాడే,
వాడికే చదవడం రాదు.
అందరూ నన్ను స్తోరా అంటారు.
ఒకప్పుడు అదేదో పొడుగాటి బిరుదు,
నోళ్ళలో నాని నాని సబ్బుబిళ్ళలా అరిగి
రెండక్షరాలు మిగిలింది. నాకది చాలు.

ఆదివారం నాన్నతో వీడియో కాల్.
చలి, చెస్ట్‌నట్ల ధర, అమ్మ మోకాలు అయ్యాక
"వార్తలు చూశావా, వాళ్ళు మరీ ఎక్కువైపోయారు" అన్నాడు.
ఆయన భుజం వెనక గోడ మీద తాతయ్య, సగం ఫోటో.
దొంగదారిన కొండలు దాటి ఫ్రాన్స్ పోయే రాత్రి
నిలువునా చింపి ఒక సగం నానమ్మకిచ్చాడు.
క్షేమంగా చేరితే రెండో సగం టపాలో రావాలి.
వచ్చిందట కూడా. ఎక్కడ పెట్టారో.
"నాన్నా, కాస్త పక్కకి జరుగు."
"ఎందుకూ?"
"ఊరికే. తాతయ్యని చూద్దామని."
ఆ పైన మాట పెంచలేదు.
పోట్లాడుకునేంత సిగ్నల్ లేదని సర్దిచెప్పుకున్నాను.
సిగ్నల్ బాగానే ఉంది.

సోమవారం.
ఇంట్లో విన్న ఒక మాటతో వాక్యం రాయమన్నాను.
బిశేష్ నోటుబుక్కులో, గుండ్రటి అక్షరాలు:
మేము దెమైష్.
మేము మరీ ఎక్కువ.
టీవీలో మనిషి "వాళ్ళు" అన్నాడు,
వీడు దాన్ని ఉత్తమ పురుషలోకి మార్చాడు,
శుక్రవారం నేను నేర్పినట్టే.
ఎర్ర పెన్ను మూత తీశాను.
తప్పు వెతికాను. కొమ్ములూ గుడులూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

అంతలో గాస్పర్ వాడి భుజం మీంచి వంగి
వేలు పెట్టి, కూడబలుక్కుని,
"మనం... దె... మైష్!"
బెంచీ ఎక్కేశాడు.
ఫుట్‌బాల్ మైదానంలో ఆ మాటకి వేరే అర్థం:
మనకి తిరుగు లేదు, మనం కేక.
క్లాసంతా అందుకుంది, హర్లీన్ స్కేలుతో దరువు.
బిశేష్ ఒక్క క్షణం నా వైపు చూశాడు,
ఏది సరైన అర్థం స్తోరా, అన్నట్టు.
నాకూ తెలియదురా.
అప్పుడు వాడూ అరిచాడు, అందరి తర్వాత, సన్నగా.

హెడ్మిస్ట్రెస్ తలుపు తోసి "ఏమిటీ గోల?"
"వ్యాకరణం" అన్నాను.
పెన్ను మూత ఎటు పోయిందో,
సాయంత్రానికి కోటు జేబంతా ఎర్ర మరక.

రాత్రి టెల్మో అడిగాడు, వార్తలేంటని.
"గాస్పర్ చదివాడు" అన్నాను.
అటువైపు పిండి పిసికే చప్పుడు
కాసేపు ఆగింది.